మూడంగుళాలు

బుడమేరు ఇళ్ళలోకొచ్చిన ఏడు
నీళ్ళు ఎందాకా లేచాయో
జీపు తలుపు మీద గోళ్ళరంగుతో గీత గీసి తెచ్చింది
ఫిలోమినమ్మ.
పాయకాపురంలో షామియానాలు, కుర్చీలు అద్దెకిస్తుంది.
"ఈ గీత దగ్గరే ఇంజను దగ్గి ఆగిపోయింది.
అప్పుడు వెనకాల పదకొండు మంది, ఒక మేక.
మూడంగుళాలు లేపు."

లేపడం ఎంతసేపు!
ఆటోనగర్‌లో మా వీధి వీధంతా లేపుతూనే ఉంటుంది
లారీల్నీ, ట్రాక్టర్లనీ, పాత అప్పుల్నీ.
ఛాసిస్ కింద జాకీ పెట్టి కమాన్ కట్టలు విప్పితే
పట్టీకీ పట్టీకీ మధ్య
బుడమేటి బురద, ఎండి, బిళ్ళకట్టి.
వీరాచారి కొలిమిలో ఎర్రగా కాల్చి
పట్టీలకు కొత్త వంపు కొట్టాడు.
యూ బోల్టులు కొత్తవి. షాకులు పొడుగువి.
సాయంత్రానికి జీపు మునివేళ్ళ మీద నిలబడింది
గోడవతల పెళ్ళి చూసే పిల్లలా.

నాలుగో రోజు తిరిగొచ్చింది.
"నువ్వు లేపిన బండి తాగినట్టు నడుస్తోందయ్యా.
రామవరప్పాడు రింగులో పక్కకి తిప్పానా,
మళ్ళీ మధ్యకి రానంటుంది.
గుంతలో పడితే నేను తిప్పకుండానే తిరుగుతుంది.
ఒక కుర్చీ ఎగిరి లారీ కింద పడింది.
దాని డబ్బులు నీ లెక్కలోనే."

తల గోక్కున్నాను.
తెలియక కాదు, తొందర.
ఒళ్ళు పైకి లేస్తే
కింద కుదురుకున్నవన్నీ కుదురు తప్పుతాయని
మా ఉస్తాద్ ఖుద్దూస్ సాయిబు
ఆస్పత్రి మంచం చక్రం చూపించి ఎప్పుడో చెప్పాడు
(మంచం మీద ఆయనే ఉన్నాడు అప్పుడు):
"చూడరా, నేలని తాకే చోటు
కీలుకి కాస్త వెనకబడి ఉంది.
అందుకే అది దారి వెతుక్కోదు,
దారి వెంట వస్తుంది.
ఆ వెనకబాటు తీసేశావో
దానికి ఏ దిక్కైనా ఒకటే."

కింద దూరి చూశాను.
డ్రాగ్ లింకు అటకకి వేసిన నిచ్చెనలా ఏటవాలుగా ఉంది.
చక్రం ఎగిరినప్పుడల్లా అదే స్టీరింగుని గుంజుతోంది.
ముందు యాక్సిల్ ముందుకు వాలి
నేల చూస్తోంది
తప్పు తనదైనట్టు.

ఈసారి మెల్లిగా చేశాను.
కమాన్‌కీ యాక్సిల్‌కీ మధ్య ఉక్కు చీలిక,
ఒక పక్క మందం, ఒక పక్క పలచన,
అరిగిన సబ్బుబిళ్ళలా.
రెండున్నర డిగ్రీలు.
కంటికి ఆనవు. కోణం బిళ్ళ అంటిస్తే
ముల్లు వెంట్రుకవాసి కదిలింది.
పిట్‌మాన్ ఆర్మ్ తీసి, కిందికి వంగినది వేశాను.
లింకు హమ్మయ్య అని పడుకుంది.
వీరాచారి బీడీ పక్కనుంచి నవ్వాడు:
"మూడంగుళాలకి ఒక పూట,
రెండు డిగ్రీలకి రెండ్రోజులా!"

నున్న రోడ్డులో, మామిడికాయల లారీలు పోయాక,
మలుపు మధ్యలో చేతులు వదిలేసింది ఫిలోమినమ్మ.
నా గుండె సీటు కిందకి జారింది.
స్టీరింగు ఒక క్షణం ఆలోచించి
తనంతట తాను వెనక్కి తిరిగింది
మరిచిపోయిన పేరు నోటికొచ్చినట్టు.
తర్వాత ఒక గుంత.
బండి గెంతింది గానీ, చూపు తిప్పలేదు.

బాగుందనలేదు ఆవిడ.
కుర్చీకి మూడువందల నలభై పట్టుకుని
మిగతావి రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చింది.
రెండో పనికి నేను అడగలేదు, ఆవిడ ఇవ్వలేదు.

తలుపు మీది గీత
ఇప్పుడు నా బొడ్డు దాటి పైనుంది.
మొన్నటి నీళ్ళే వస్తే
దానికి మూడంగుళాల కింద ఆగాలి.
మొన్నటివే వస్తాయా
అని నేనూ అనలేదు, ఆవిడా అడగలేదు.
కొండపల్లి వైపు మబ్బు పట్టింది.
"ఒక్క నిమిషం ఆగండమ్మా" అని
మళ్ళీ కింద దూరి
యూ బోల్టులు ఇంకోసారి బిగించాను.